కొండకోటకు ఏ దారి సులువు? దిగే మోకాళ్లను బట్టి ఎంచుకోండి

ప్రశ్న: వచ్చే నెలలో కుటుంబంతో కలిసి ఒక కొండకోట చూడడానికి వెళ్తున్నాము. మా అత్తగారికి 66 ఏళ్లు. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్నా, కోట పైదాకా వచ్చి చూడాలని ఆమెకు గట్టి కోరిక. మా బాబుకు 8 ఏళ్లు. కొండ అడుగు నుంచి పై ద్వారం 180 మీటర్ల ఎత్తున ఉందని, అక్కడికి మూడు దారులున్నాయని తెలిసింది. ముందువైపు 750 మెట్ల దారి 800 మీటర్లు. వెనుకవైపు ఒంపులు తిరుగుతూ పోయే పాత బండిబాట రెండున్నర కిలోమీటర్లు. పక్క చరియ మీదుగా పోయే అడ్డదారి 600 మీటర్లు. మెట్లదారిన అరగంటలో ఎక్కేయవచ్చని కొందరు, అడ్డదారి ఇంకా దగ్గరని మరికొందరు చెబుతున్నారు. మావారు మెట్లదారే మేలంటున్నారు. ఈ మూడింటిలో ఏది సులువో చెప్పగలరా?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు కోట పేరు రాయలేదు గానీ ఎత్తు, దూరం, మెట్ల సంఖ్య రాశారు. దారి ఎంచుకోవడానికి ముఖ్యంగా కావలసినవి అవే. మీ అత్తగారిని వెనుకవైపు బండిబాట మీదుగానే తీసుకువెళ్లండి, అదే బాటన దింపుకొని రండి. మూడు దారుల్లోనూ అది పొడవైనదే అయినా, మీరు రాసిన వివరాలను బట్టి అదే అన్నిటికంటే సులువైనది. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే అక్కడికి వెళ్లాక మెట్లదారి కళ్లెదుట దగ్గరగా కనిపిస్తుంది, మనసు మార్చుకోవాలనిపిస్తుంది.

ఏ దారిన వెళ్లినా ఎక్కవలసిన ఎత్తు ఆ 180 మీటర్లే. శరీరాన్ని అంత ఎత్తుకు మోసే పని మూడు దారుల్లోనూ ఒకటే. దారి నిర్ణయించేది ఆ పనిని ఎన్ని వాయిదాలలో చేయాలో మాత్రమే. అడ్డదారిలో నూరు మీటర్లు నడిస్తే 30 మీటర్లు పైకి లేస్తారు, మెట్లదారిలో 22 మీటర్లకు పైగా లేస్తారు, బండిబాట మీద ఏడు మీటర్లకు కాస్త ఎక్కువ. చక్రాల కుర్చీల కోసం భవనాల్లో కట్టే వాలుదారికి పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగుకు మించి ఎత్తు ఉండకూడదని ప్రమాణం. అంటే నూటికి ఎనిమిది చిల్లర. మీ బండిబాట సగటు వాలు ఆ హద్దుకు లోపలే ఉంది. అయితే నేను సగటు గురించి చెబుతున్నానని గుర్తుంచుకోండి. రెండు కిలోమీటర్లు దాదాపు చదునుగా సాగి చివరి అరకిలోమీటరులో నిటారుగా లేచే బాటకు కూడా సగటు ఇంతే వస్తుంది. కోటలలో ఈ చివరి భాగమే తరచుగా కష్టమైనది, ఎందుకంటే ద్వారం దగ్గర శత్రువు వేగం తగ్గాలని కట్టినవారు అక్కడ దారిని ఇరుకు చేసి, మెలికలు తిప్పి, నిటారుగా లేపారు. అందుచేత బాట మొత్తం పొడవు తెలుసుకొని ఊరుకోకండి. ఫోన్‌లోని పటాలలో ఎత్తు చూపే సదుపాయం ఉంటే బాట మీద నాలుగైదు చోట్ల ఎత్తు చూసి రాసుకోండి. వాలు ఎక్కడ ఒక్కసారిగా పెరుగుతుందో పది నిమిషాల్లో తేలిపోతుంది. ఎత్తురేఖలున్న, అంటే ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలిపే గీతలున్న ముద్రిత పటం దొరికితే ఇంకా మంచిది. బాట ఆ రేఖలను అడ్డంగా కోసుకుంటూ పోతే నిటారు, వాటి వెంబడి ఏటవాలుగా పాకుతూ పోతే మెత్తని ఎక్కుడు.

మెట్ల లెక్క కూడా చూద్దాము. 180 మీటర్ల ఎత్తును 750 మెట్లకు పంచితే ఒక్కొక్క మెట్టుకు 24 సెంటీమీటర్లు వస్తుంది. ఇళ్లలో మెట్టు ఎత్తు సాధారణంగా 15 నుంచి 18 సెంటీమీటర్లు ఉంటుంది. మెట్ల వరుసల మధ్య వాలుగా నడిచే భాగాలుంటే ఆ మేరకు మెట్టు ఎత్తు తగ్గవచ్చు. అయినా పాత కోటల మెట్లు ఒక కొలతన ఉండవు: కొన్ని జానెడు, కొన్ని మూరెడు, కొన్ని నడుమ అరిగి ముందుకు వాలి ఉంటాయి. మోకాలి నొప్పి ఉన్నవారికి మెట్ల సంఖ్య కంటే ఈ ఎగుడుదిగుడు ఎక్కువ శ్రమ కలిగిస్తుంది. ఇంటి మెట్ల మీద కాలు తనంతట తానే లయ పట్టుకుంటుంది. ఇక్కడ ప్రతి మెట్టునూ చూసి, కొలిచి, అడుగు వేయాలి. ఎవరైనా "750 మెట్లే కదా, మా అపార్ట్‌మెంటులో రోజూ ఎక్కుతున్నాము" అంటే, ఇంటి కొలతలో అవి వెయ్యి మెట్లకు సమానమని చెప్పండి.

"అరగంటలో ఎక్కేయవచ్చు" అన్న మాట అబద్ధమేమీ కాదు. స్కాట్లండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఒకటి నేటికీ వాడుకలో ఉంది. అయిదు కిలోమీటర్ల దూరానికి గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా మరో గంట అని స్థూలంగా దాని సారం. పది మీటర్ల ఎత్తుకు ఒక నిమిషమన్నమాట. ఆ ప్రకారం మెట్లదారికి సుమారు 28 నిమిషాలు, బండిబాటకు 48 నిమిషాలు పడుతుంది. కానీ ఇది ఆరోగ్యంగా ఉండి, కొండలకు అలవాటుపడి, ఎక్కడా ఆగకుండా నడిచేవారి లెక్క. విశ్రాంతి ఇందులో లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి దీన్ని కనీసం రెట్టింపు చేసుకోవాలి. అప్పుడు మెట్లదారికి గంట, బండిబాటకు గంటన్నరకు పైగా అవుతుంది. అరగంట పైచిలుకు తేడా కనబడుతోంది, నిజమే. కానీ మెట్ల మీద ఆయాసం తీర్చుకోవడానికి, నొప్పి తగ్గడానికి ఆగే సమయాన్ని కలిపితే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. బండిబాట మీద ఆగకుండా నెమ్మదిగా నడుస్తూనే ఉండవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. దారి గురించి అడిగేవారంతా ఎక్కడం గురించే అడుగుతారు, మీరూ అలాగే అడిగారు. ఎక్కేటప్పుడు శ్రమ ఊపిరితిత్తులది, గుండెది, తొడ కండరాలది. ఆ శ్రమ ఆగితే తీరుతుంది. రెండు నిమిషాలు కూర్చుంటే ఆయాసం తగ్గుతుంది. దిగేటప్పుడు ఊపిరి హాయిగానే ఉంటుంది గానీ మోకాలు ప్రతి అడుగులోనూ శరీరం బరువును ఆపి, నెమ్మదిగా కిందికి వదలాలి. తొడ ముందరి కండరం సాగుతూనే బిగబట్టవలసి వస్తుంది, అందుకే మర్నాటి నొప్పులలో ఎక్కువ భాగం దిగినందుకే వస్తుంది. శస్త్రచికిత్సలో అమర్చిన కృత్రిమ మోకాళ్ల లోపల కొలిచే పరికరాలు పెట్టి చూసినప్పుడు, మెట్లు ఎక్కేటప్పుడు మోకాలి మీద శరీర బరువుకు మూడు రెట్లకు పైగా భారం పడుతుందని, దిగేటప్పుడు అంతకంటే మరికొంత ఎక్కువ పడుతుందని తేలింది. 60 కిలోల మనిషి మోకాలి మీద, దిగే ప్రతి మెట్టుకూ 180 కిలోలకు మించిన భారం! దాన్ని 750 సార్లు, అప్పటికే అలసిన కాళ్లతో మోయాలి. పైగా దిగేటప్పుడు కాలు ఆడకపోతే వెనక్కి తిరిగే వీలుండదు. ఎక్కేటప్పుడు చాలనుకుంటే ఆగిపోవచ్చు, దిగడం మాత్రం పూర్తి చేసి తీరాలి.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. చాలా ఏళ్ల కిందట మా నాన్నగారిని ఒక కొండకోటకు మెట్లదారిన తీసుకువెళ్లాను. ఆయన నాకంటే ఉత్సాహంగా ఎక్కారు, పైన ప్రతి బురుజు దగ్గరా నిలబడి చూశారు. దిగడం మొదలుపెట్టి వంద మెట్లయినా దాటకముందే కాళ్లు వణకడం మొదలయింది. ఆయన ఒక్కొక్క మెట్టు మీద కూర్చుని, చేతులు ఆనించి, కిందికి జరుగుతూ వచ్చారు. ఎక్కడానికి పట్టిన సమయానికి రెట్టింపు పట్టింది, చివరి మెట్లు మసక చీకట్లో దిగాము. ఆయన ఒక్క మాట అనలేదు గానీ ఆ తరువాత మరే కొండకూ రాలేదు. ఆ కోటకు వెనుకవైపు వాలుబాట ఉందని నాకు మర్నాడు తెలిసింది. మీ ఉత్తరం చదివినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ సాయంత్రమే.

అందువల్ల కొండకోటకు దారి ఎంచుకునేటప్పుడు దిగే దారిని ముందు నిర్ణయించి, ఆ తరువాతే ఎక్కే దారి సంగతి చూడాలని నా అభిప్రాయం. దీన్నిబట్టే మరొక సలహా. కొన్ని కోటలకు తీగమార్గమో (రోప్‌వే), పైదాకా వాహనం వెళ్లే రోడ్డో ఉంటుంది. "పైకి వాహనంలో వెళ్లి, తిరిగి మెట్ల మీదుగా నడిచి దిగండి, దిగడం సులువే" అని చాలామంది చెబుతారు. గ్రీసు దేశంలో నాఫ్ప్లియో పట్టణం మీద వెనిస్ పాలకులు 1711-1714 మధ్య కట్టిన పలమీడి కోట ఉంది. సముద్రమట్టానికి 216 మీటర్ల ఎత్తున ఉండే ఆ కోటకు పట్టణం నుంచి 999 మెట్లున్నాయని ప్రతీతి, వెనుకవైపు నుంచి ద్వారం దాకా రోడ్డూ ఉంది. అటువంటి చోట మోకాళ్లు బాగున్నవారికి ఆ సలహా సరిపోతుంది. నొప్పి ఉన్నవారికి అది సరిగ్గా తలకిందుల సలహా. ఒకవైపే వాహనం దొరికితే, ఒకవైపే టికెట్ కొనగలిగితే, దాన్ని దిగడానికి దాచుకోండి.

అసలు కోటకు సులువైన దారి ఒకటి ఎందుకుంటుందో తెలిస్తే, మీరు ఏ కోటకు వెళ్లినా దాన్ని వెతికి పట్టుకోగలుగుతారు. గిరిదుర్గం కట్టేవారికి రెండు పరస్పర విరుద్ధమైన అవసరాలు ఉండేవి. శత్రువు ఎక్కకూడదు. కానీ లోపల వందల మంది బతకాలంటే ధాన్యం, కలప, సున్నం, నూనె, పశువులు, తరువాతి కాలంలో ఫిరంగులు, వాటి గుండ్లు పైకి చేరాలి. గుర్రం నిటారు మెట్లు ఎక్కలేదు, బండి అసలే ఎక్కలేదు. కాబట్టి బరువులు వెళ్లిన దారి ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి, అది తప్పనిసరిగా వాలుగానే ఉండాలి. మధ్యప్రదేశ్‌లోని గ్వాలియర్ కోటకు తూర్పువైపు హాథీ పోల్ ద్వారానికి చేరే పొడవైన ఎక్కుడు బాట ఉంది. హాథీ పోల్ అంటే ఏనుగు ద్వారం. రాజస్థాన్‌లోని చిత్తోడ్‌గఢ్ కోటలోకి వెళ్లే బాట ఏడు ద్వారాల గుండా ఒంపులు తిరుగుతూ ఎక్కుతుంది, ఇప్పుడు దాని మీద వాహనాలే వెళ్తున్నాయి. మీ కోట వెనుక బాటను అందరూ బండిబాట అని పిలవడమే నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించిన ఆధారం. బండి ఎక్కిన చోట మీ అత్తగారు ఎక్కగలుగుతారు.

కొన్నిచోట్ల ఆ సులువైన దారిని ప్రకృతే ఏర్పాటు చేసింది. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో కోట ఒక పురాతన అగ్నిపర్వతపు గొంతులో గట్టిపడిన రాతి మీద ఉంది. మంచుయుగంలో పడమటి నుంచి కదిలివచ్చిన హిమానీనదం ఆ గట్టి రాతిని అరగదీయలేక చుట్టూ ప్రవహించి, దాని తూర్పున తోకలాంటి వాలు మిట్టను మిగిల్చింది. అందుకే కోటకు మూడు వైపులా నిటారు చరియలు, తూర్పువైపు మాత్రం నెమ్మదిగా ఎక్కే పొడవైన వీధి. అక్కడ మెట్లవీధుల గుండా దగ్గరదారి పట్టినవారు రొప్పుతూ చేరితే, తూర్పు చివరి నుంచి నడిచినవారు కొండ ఎక్కుతున్నామని గుర్తించకుండానే కోట ముందుకు వచ్చి నిలబడతారు. మీ కొండను కూడా దూరం నుంచి, వీలైతే రెండు మూడు వైపుల నుంచి చూడండి. ఒక పక్క వీపులా వాలి ఉంటే దారి అటు ఉండడానికే అవకాశం ఎక్కువ.

బయలుదేరే చోటు ఎత్తును కూడా చూడాలి, దీన్ని చాలామంది మరచిపోతారు. ఇజ్రాయెల్‌లోని మసాడా కోటకు తూర్పున మృతసముద్రం వైపు నుంచి పాము దారి అనే మెలికల బాట ఉంది, దాని మీద దాదాపు 350 మీటర్లు ఎక్కాలి. పడమటివైపు, క్రీస్తుశకం 73 ప్రాంతంలో ముట్టడి చేసిన రోమన్ సైన్యం కోట గోడ దాకా మట్టీ రాళ్లూ పోసి కట్టిన వాలుకట్ట ఇప్పటికీ ఉంది. అటువైపు నేలే ఎత్తుగా ఉండడం వల్ల ఎక్కవలసింది సుమారు 100 మీటర్లే. ఒకే కోట, ఒకే శిఖరం. పడమటివైపు శ్రమ తూర్పువైపు శ్రమలో మూడో వంతుకు లోపే. అయితే ఆ రెండు వైపులనూ నేరుగా కలిపే రోడ్డు లేదు, వాహనంలో చాలా దూరం చుట్టి రావాలి. మీ బండిబాట మొదలయ్యే చోటు ముందువైపు కంటే ఎత్తున ఉందో లేదో కనుక్కోండి. ఉంటే మీ అదృష్టం, ఆ మేరకు 180 మీటర్లలో కొంత వాహనమే ఎక్కి పెడుతుంది. కింద దిగవలసిన చోటు కూడా అప్పుడే ఖాయం చేసుకోండి. ఒకవైపు ఎక్కి మరోవైపు దిగితే వాహనం ఎక్కడ ఉండాలో ముందే చెప్పకపోతే, అలసిన కాళ్లతో కొండ చుట్టూ నడవవలసి వస్తుంది.

అడ్డదారి విషయంలో నా మాట సూటిగానే ఉంటుంది: వద్దు. మీ అత్తగారికే కాదు, మీ బాబుకు, మీకూ వద్దు. నూరు మీటర్లకు 30 మీటర్లు లేచే చరియ మీద మెట్లు లేకపోతే చేతుల సాయం కావాలి, రాతి మీద ఇసుక పలచగా పరచుకొని ఉంటే చెప్పు జారుతుంది. రోజూ ఆ దారిన తిరిగేవారికి ఏ రాయి కదులుతుందో తెలుసు. వారు సులువని చెప్పేది తమ కాళ్లకు.

నేల ఎలా ఉందన్నది వాలుతో సమానంగా చూడవలసిన విషయం. గరుకు రాతి పరుపు, గట్టిపడిన మట్టి నమ్మదగినవి. గుండ్రాళ్లు పరచి, మధ్యలో మట్టి కొట్టుకుపోయిన పాత బాట చీలమండకు పరీక్ష పెడుతుంది. వేలాది పాదాలకు నున్నబడిన మెట్లు పొడిగా ఉన్నప్పుడు కూడా జారతాయి, తడిస్తే చెప్పనక్కరలేదు. వానల కాలంలో నీడపట్టున ఉండే రాతి మీద పాచి పడుతుంది. అప్పుడు ఎండ తగిలే బాటే మేలు. బండిబాట మీద వానకు కోతపడిన చోట్లున్నాయేమో ఈ మధ్య వెళ్లివచ్చినవారిని అడగండి. బాటకు ఒకవైపు లోయ ఉంటే పిట్టగోడ ఉందో లేదో కూడా అడగండి, బాబు కోసం.

ఎండను బట్టి కూడా దారి మారుతుంది. కొండకు పడమటి వాలున ఉన్న బాట ఉదయం చాలాసేపు కొండ నీడలోనే ఉంటుంది, తూర్పు వాలున ఉన్నది మధ్యాహ్నం దాటాక నీడలోకి వస్తుంది. ఉత్తరార్ధగోళంలో దక్షిణపు వాలు రోజులో ఎక్కువ భాగం ఎండకు కాగుతుంది. మీ బండిబాట ఏ దిక్కున ఉందో పటంలో చూసి, అది నీడలో ఉండే పూటకే ప్రయాణం పెట్టుకోండి. ఎండకు కాగిన రాతిగోడలు సూర్యుడు పక్కకు తప్పుకున్నాక కూడా చాలాసేపు వేడి వదులుతూనే ఉంటాయి కనుక, రెండు పూటలూ వీలైతే ఉదయాన్నే ఎంచుకోండి. మసాడాలో ఎండలు తీవ్రంగా ఉన్న రోజుల్లో పాము దారిని మూసివేస్తారు. పెద్దవారు దాహం వేయకముందే కొద్దికొద్దిగా నీళ్లు తాగుతూ నడవాలి. నీళ్లు పైన దొరుకుతాయన్న ధీమా పెట్టుకోకండి.

అక్కడివారిని దారి అడిగేటప్పుడు "ఏది సులువు?" అని అడగకండి. సులువన్న మాటకు ప్రతివారూ తమ కాళ్ల కొలతే చెబుతారు. వెనుక బాట చివర దిడ్డివాకిలి (చిన్న పక్కవాకిలి) ఏదైనా ఉంటే అది తెరిచే ఉంటుందా, ఏ వేళ మూస్తారు, టికెట్ ముందు ద్వారం దగ్గరే తీసుకోవాలా, దారిలో నీడన కూర్చునే చోటు ఎక్కడుంది, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, ఈ మధ్య పెద్దవాళ్లు ఎవరైనా అటువైపు నుంచి వచ్చారా అని అడగండి. మొదటి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. చాలా కోటలలో ప్రధాన ద్వారం మాత్రమే తెరిచి, మిగిలిన వాకిళ్లకు తాళం వేసి ఉంచుతారు. రెండున్నర కిలోమీటర్లు నడిచి మూసిన తలుపు ముందు నిలబడితే ఆ రోజు ప్రయాణం అక్కడితో సరి. కోటను చూసుకునే కార్యాలయానికి ఫోన్ చేసి, వెళ్లే రోజుకు ఖాయంగా కనుక్కున్నాకే బయలుదేరండి.

ఆ తలుపు మూసి ఉందని తేలితే మెట్లదారి తప్పదు. అప్పుడు పైదాకా వెళ్లాలన్న పట్టుదలను ముందే సడలించి, ఎక్కడ ఆగాలో ఇంట్లోనే నిర్ణయించుకోండి. మహారాష్ట్రలోని దౌలతాబాద్ కోటలో శిఖరానికి వెళ్లే దారి చుట్టూ చెక్కిన నిటారు చరియలను, అగడ్తను, చీకటి సొరంగాన్ని దాటుకుంటూ పోతుంది. అంతదూరం పోలేనివారు కింది ప్రాకారాలు, చాంద్ మినార్ చూసి వచ్చినా కోటను చూసినట్టే. మీ కోటలోనూ సగం ఎత్తున ఒక ద్వారమో మండపమో ఉండవచ్చు. అక్కడికి చేరేసరికి మీ అత్తగారి కాలు ఎలా ఉందో చూడండి. ఆమెనే "ఎక్కగలరా?" అని అడిగితే ఎక్కగలననే అంటారు. అయిదారు మెట్లు కిందికి దిగి చూపించమనండి. దిగేటప్పుడు నొప్పి పెరిగితే ఆ రోజుకు అదే శిఖరం.

మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి తక్కువున్న కాలు ముందు వేయాలి, దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కాలు ముందు దించాలి, రెండో కాలు అదే మెట్టు మీదికి తెచ్చాకే తరువాతి మెట్టు. ఊతకర్ర నొప్పి ఎక్కువున్న కాలికి ఎదుటివైపు చేతిలో ఉండాలి. రెండు చేతుల్లో రెండు కర్రలుంటే మరీ మంచిది, బండిబాట మీద కూడా. దిగేటప్పుడు కర్ర కాస్త పొడవుగా ఉంటే ముందుకు వంగకుండానే బరువు దాని మీద వేయవచ్చు. మెట్టు వెడల్పుగా ఉంటే నేరుగా కాక ఏటవాలుగా, ఒక అంచు నుంచి మరో అంచుకు నడవడం వల్ల మోకాలు తక్కువ వంగుతుంది. చెప్పుల కంటే మడమ పట్టి ఉంచే బూట్లు మేలు. కొత్తవి కొని ఆ రోజే తొడగకూడదు. ఈ నెల రోజుల్లో ఆమె రోజూ కొంచెం వాలున్న చోట నడవడం అలవాటు చేసుకుంటే మంచిది, నొప్పి పెంచే వ్యాయామం మాత్రం వద్దు. గుండె జబ్బో, రక్తపోటో ఉంటే వైద్యుడికి చెప్పి వెళ్లాలి. నడకలో మాట్లాడుతూ ఉండగలిగితే ఆ వేగం సరైనదే. మాట తెగుతుంటే ఆగాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే ఇక ఎక్కనే కూడదు.

పాత కోటల బురుజుల కింద, రాతి చరియల మీద పెద్ద తేనెపట్టులు ఉండవచ్చు. ఆ దరిదాపుల్లో పొగ పెట్టడం, రాళ్లు విసరడం, కేకలు వేయడం చేయవద్దని బాబుకు ముందే చెప్పండి, ఘాటైన సెంట్లు పూసుకొని వెళ్లకండి.

ఇక మీవారి సంగతి. ఆయన మెట్లదారి కావాలంటున్నారు, అందులో తప్పేమీ లేదు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి కూడా చదునైన పొడవు బాట కంటే మెట్లే సరదాగా ఉంటాయి. కాబట్టి ఇలా చేయండి. మీరు, మీ అత్తగారు ఉదయం ముందుగా బండిబాట మీద బయలుదేరండి. ఆమె ముందు నడవాలి, మీరు వెనుక. ఆమె వేగమే వేగం. మీకు గంటన్నర నుంచి రెండు గంటలు పట్టవచ్చు. మీవారు, బాబు ఒక గంట ఆగి మెట్లదారిన ఎక్కితే అటూఇటుగా అదే వేళకు పైకి చేరతారు. పై ద్వారం దగ్గర కలుసుకొని కోట చూడండి. చూడడం అయ్యాక కనీసం అరగంట నీడన కూర్చోండి, ఎందుకంటే కోట లోపల తిరిగిన నడక కూడా ఆ మోకాళ్ల మీదే పడింది. దిగడానికి ఎక్కినంత సమయం పడుతుందని లెక్కవేసి, దిడ్డివాకిలి మూసే వేళకు చాలా ముందే లేవండి. దిగేటప్పుడు నలుగురూ బండిబాట మీదుగానే రండి, మీవారు ఆమెకు ఒక అడుగు దూరంలో ముందు నడవాలి. వాహనాన్ని వెనుకవైపే ఉంచమని ఉదయమే చెప్పి పెట్టండి.